మూడున్నరకు నాగజ్యోతి

"గవ్వలాట జూదం ఎలా అవుతుందయ్యా?" అని కామేశ్వరమ్మ నిలదీసేసరికి వైఫై బాగుచేయడానికొచ్చిన షాలేమ్ చేతిలో డబ్బా పక్కన పెట్టి తలెత్తాడు.

"నేనన్లేదమ్మా, మీ ఫోనే అంటున్నది" అని తెర ఆమె వైపు తిప్పాడు. 'ఇది జూదం సైటు, తెరవడానికి వీల్లేదు' అని ఎర్రగా కనిపిస్తోంది.

కామేశ్వరమ్మకు ఒళ్ళు మండింది. డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఇంతవరకు పేకముక్క ముట్టి ఎరగదు. ఆవిడ ఆడేది అష్టాచెమ్మా. మండపేటలో చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడిన ఆటే, ఇప్పుడు ఫోన్లో ఆడుతోంది. ఏడాది కిందట పద్మారావు నగర్‌లోని ఈ ఫ్లాటుకొచ్చినప్పుడు, పలకరించే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చుంటే, కోడలు ఊర్మిళే ఆ సైటు చూపించింది. వారం తిరక్కుండా అక్కడ నాగజ్యోతి దొరికింది.

నాగజ్యోతిది కాకినాడట. రోజూ మధ్యాహ్నం మూడున్నరకు వస్తుంది. ఆట అరగంటే గానీ, పక్కన రాసుకునే కబుర్లు అంతకు రెండింతలు. ఇంట్లో నోరు విప్పి అనలేనివన్నీ కామేశ్వరమ్మ అక్కడే చెప్పుకుంటుంది. చారులో ఇంగువ పడని సంగతి దగ్గర్నుంచి, కన్నకొడుకు నాగసాయి బాత్రూములో కూర్చుని ఫోన్లో రమ్మీ ఆడుతున్న సంగతి దాకా. నాలుగు రోజులుగా ఆ దారి మూసుకుపోయింది. ఆవిడకు అన్నం సహించడం లేదు.

"బాల్కనీలకి పోయి నా మొబైల్ డేటాతోని చూసిన. మంచిగనే తెర్చుకుంటుంది" అన్నాడు షాలేమ్. "లోపల గదులల్ల సిగ్నల్ లేదు, వైఫై తప్ప దిక్కు లేదు. ఆ వైఫైలనే ఎవరో అడ్డం పెట్టిన్రు."

"ఎవరో ఏమిటి, మా కోడలే!"

అప్పుడే లోపలి గది తలుపు తీసుకుని ఊర్మిళ వచ్చింది. ఆమెకు ఇంట్లోంచే ఆఫీసు పని. పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేసి, షాలేమ్‌ను మారేడ్‌పల్లి నుంచి రప్పించింది కూడా తనే.

"మీ ఆటకు పెట్టలేదత్తమ్మా, మీ కొడుకు రమ్మీకి పెట్టిన. జూదం సైట్లన్నీ బంద్ అని ఒక్క గుర్తు కొట్టిన. గవ్వలాట సుత అండ్లనే పడ్తదని నాకేమెరుక?"

"వాడు రమ్మీ ఆడుతున్నాడని నీకెవరు చెప్పారే?"

ఊర్మిళ కొంచెం తడబడింది. "ఒకరు చెప్పాల్నా? మొగుని మొకం చూస్తే తెల్వదా?"

"బాగానే ఉంది వరస! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. వాడి ఆట మాన్పించబోయి నా ఆట మాన్పించావు."

"గవ్వల సైటు ఒక్కదాన్ని ఇడిచిపెట్టి చూసిన, అయినా వస్తలేదు" అంది ఊర్మిళ షాలేమ్‌తో.

"ఎట్లొస్తది మేడం? ఆ గవ్వల బొమ్మలు, కాయల బొమ్మలు వేరే సైటుకెల్లి వస్తయి. రమ్మీ ముక్కలు సుత అక్కడికెల్లే. దాని అడ్డం తీస్తే సార్ రమ్మీ సుత తెర్చుకుంటది."

"అమ్మో, వద్దు. ఆయన సాయంత్రమే మళ్ళ షురూ చేస్తడు."

"అయితే ఒక్కొక్క ఫోన్ చూసి ఇడిచిపెట్టాలె. అమ్మది తీస్తున్న. ఇంకా వేరే ఫోన్‌లు, లాప్‌టాప్‌లు ఏమన్న ఉన్నయా?"

ఊర్మిళ నోరు తెరిచింది. అత్తగారి వంక చూసి మళ్ళీ మూసుకుంది.

"ఏం లెవ్వు. అమ్మదొక్కటే తియ్యి. మూడున్నరకు నాకు మీటింగున్నది" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

షాలేమ్ తన ఫోన్లో రెండు మూడు చోట్ల నొక్కి, వైఫై ఆపి మళ్ళీ వేశాడు. కామేశ్వరమ్మ ఫోన్లో పచ్చటి గళ్ళు, తెల్లటి గవ్వలు వచ్చేశాయి. ఆవిడ మొహం చేటంత అయింది. చెయ్యి కడుక్కుని వచ్చి, అతనికి టీ ఇచ్చి, రెండు జంతికలు కూడా పెట్టి, కాకినాడ నాగజ్యోతి సంగతి చెప్పింది.

"కోడలి మీద గట్టిగనే కోపమొచ్చినట్టుంది" అన్నాడు షాలేమ్ నవ్వుతూ.

"కోపమా? బంగారం లాంటి పిల్ల నాయనా. చెప్పకుండానే అన్నీ దిద్దుకుంటుంది. మొదట్లో చారులో ఇంగువే వేసేది కాదు. నేను పల్లెత్తు మాటనలేదు, ఇప్పుడు ఇల్లంతా ఘుమఘుమలు."

మూడున్నర దాటింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆట తెరిచింది. అవతలి వైపు చోటు ఖాళీగానే ఉంది. ఐదు నిమిషాలు గడిచాయి. నాలుగు రోజుల తర్వాత చేతికందిన ఆట, చేతిలోనే చల్లారిపోతున్నట్టు అనిపించి ఆవిడకు దిగులేసింది.

"మీ దోస్తు ఇంకా రాలేదా?" అన్నాడు షాలేమ్ సంచీ సర్దుకుంటూ. "కాకినాడల ఏం పనుందో ఏమో. వస్తది లేమ్మా, పరేషాన్ గాకుండ్రి."

కామేశ్వరమ్మ మూసి ఉన్న గది తలుపు వంక ఒకసారి చూసింది. కుర్చీ అతని దగ్గరగా జరుపుకుని గొంతు తగ్గించింది.

"మా కోడలి లాప్‌టాప్‌కీ తీసెయ్యి నాయనా, నాగజ్యోతి వచ్చేస్తుంది."