జోగ మనుషులు

ఆరాధన సగంలో ఉండగా తడిసిన మనిషి ఒకడు లోపలికి వచ్చి జంపఖానా అంచున కూర్చున్నాడు.

పాదాల బురద కొత్త జంపఖానాకు అంటుకుంది.

గంగారత్నం మొహం చిట్లించింది. భోపాల్‌పట్నం తెలుగు సంఘంలో స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. చర్చి ఊడ్చేదీ, జంపఖానాలు పరిచేదీ ఆమే.

ఎండాకాలం నుంచీ ఆ మనిషి వస్తూనే ఉన్నాడు. అడవిలో ఏదో ఊరి నుంచి పాత సైకిల్ మీద. చేరేసరికి ప్రసంగం సగమైపోయేది. పాటలు రావు, పెదవులు మాత్రం కదిపేవాడు. చివర్లో గుమ్మం పక్కన నిలబడి, వెళ్ళేవాళ్ళందరికీ చేతులు జోడించేవాడు. కొందరు తలూపేవారు.

ఆ రోజు గంగారత్నం ఆగింది.

"ఏందయ్యా, ఈ వానల ఇంత దూరమెందుకు? మీ ఊర్ల ప్రార్థన లేదా?"

"నేనున్న. దేవుడున్నడు." అతను మాటలు వెతుక్కున్నాడు. "మంది లేరమ్మా."

ఆమెకు నవ్వొచ్చింది. పేరు అడగాలని తోచలేదు.

పై ఆదివారం ప్రభువు బల్ల, సంఘస్థులంతా రొట్టె పంచుకునే రోజు. రొట్టె పళ్లెం వరస వెంట వచ్చింది. అతను తువాలుతో చేతులు తుడుచుకుని దోసిలి పట్టాడు.

పాస్టరు అయ్యగారు గంగారత్నం వైపు చూశారు. "మనోడేనా?"

"కాదయ్యగారూ. మన సంఘపోడు కాదు."

పళ్లెం అతన్ని దాటి వెళ్ళింది.

దోసిలి కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా ఒళ్ళోకి దిగింది. వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే అందరికీ దండం పెట్టాడు, గంగారత్నానికి కూడా.

ఆ తర్వాత రాలేదు. ఏమయ్యాడని ఎవరూ అనుకోలేదు.

ఒక శనివారం ఆమె చర్చి ఊడుస్తుంటే, గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది.

"నా పేరు లక్కే అమ్మా. జోగ పెండ్లాన్ని."

"జోగ ఎవరు?"

"సైకిల్ మీద వస్తుండె గద, ఈడికి."

"ఆయనా? ఏమైంది?"

"జరం. రాత్రి పానం పోయింది. శవం ఇంక అస్పతాల్‌లనే ఉంది." ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "ఆయన తోడబుట్టినోళ్ళని జర పిలువమ్మా. ఆళ్ళొస్తే మట్టి చేద్దం."

"ఈ ఊర్లనా? ఎవరు?"

"పేర్లు నాకు తెల్వదు. ఆదివారం ఈడనే కూసుంటరంట."

గంగారత్నం చీపురు గోడకు ఆనించింది.

"మీ ఊరోళ్ళు రారా?"

"రారు. నాట్లప్పుడే మమ్మల్ని వెళ్ళగొట్టిన్రు. వాగొడ్డున గుడిసేసుకున్నం."

"యేసయ్యను నమ్మినందుకా?"

లక్కే తల అడ్డంగా ఊపింది.

"ఇంట్ల మొక్కుకో, ఏమనం అన్నరు. ఆ మందిల కలవనని ఒక్క మాట చెప్పు, ఇల్లు, చేను నీయే అన్నరు."

"మరి... చెప్పలేదా?"

"చెప్పలే. నా తోడబుట్టినోళ్ళని ఎట్ల ఇడుస్తనని, ఊరినే ఇడిసిండమ్మా."