వేళ కాని సైరన్

హైదరాబాద్ సంగీత కళాశాల ప్రవేశ పరీక్షలో సారిక వయొలిన్ వాయిస్తోంది. కాలనీ పిల్లల ఆర్కెస్ట్రాలో చేరిన రోజు నుంచి ఆమె కోరుకున్నది ఇక్కడ ఒక్క సీటే.

పాట సగంలో ఉండగా బయట అంబులెన్స్ సైరన్ మోగింది. ఆమె కమాను దించి ఒళ్లో పెట్టుకుంది.

"బాగానే వాయిస్తున్నావుగా, ఎందుకాపావు?" అన్నారు పరీక్ష చేస్తున్న సారు.

"మాది గోదావరిఖని సార్. షిఫ్టు టైం గాకుండ సైరన్ కూసిందంటే బొగ్గుబాయిల ఏదో అయినట్టు. ఆర్కెస్ట్రాల అందరం ఆపుతం. మనోళ్లు పైకొచ్చిండ్రని తెలిసినంకనే మళ్ల షురూ చేస్తం."

"మీ నాన్న ఇప్పుడు డ్యూటీలో ఉన్నారా?"

"లేడు సార్. రెండేండ్ల కింద సైరన్ కూసింది మా నాయిన కోసమే."

టైం ఎంతయిందని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది.

సారు మార్కుల కాగితం పక్కన పెట్టారు. "మరి ఇప్పుడు ఇంకెవరి కోసం ఆపావమ్మా? ఇట్లా మధ్యలో ఆపేస్తే సీటు రాదు."

సారిక కుడిపక్కకు చూసింది. అక్కడ కుర్చీ లేదు.

"ఆర్కెస్ట్రాల నా పక్కన శోభ వాయిస్తది సార్. వాళ్ల నాయిన ఇయ్యాల మొదటి షిఫ్టుల బాయిల ఉన్నడు."