మూడో బండి

షారోన్‌కు డ్యూటీ టైమవుతోంది. మెట్‌పల్లి ఆసుపత్రిలో కొత్తగా నర్సు కొలువు. రోజూ వెళ్లి రావడానికి మంచి మైలేజీ ఇచ్చే బైకు కావాలి. షోరూమ్‌లో మూడోది చూస్తున్నా, తల్లి సమ్మక్క పద్ధతి మార్చడం లేదు.

"దీన్ని గూడ కింద పండవెట్టు కొడుకా," అంది సేల్స్‌మన్‌తో.

అతను సణుగుతూనే బండిని నేల మీద ఒరగబెట్టాడు.

"లేపు బిడ్డా," అంది కూతురితో.

"అవ్వా, అందరు చూస్తుండ్రే! మైలేజ్ అడగాలె గని, గిదేంది?"

"లేపు."

మొదటి రెండింటినీ షారోన్ కదిలించలేకపోయింది. ఇప్పుడు విసురుగా వంగి, పళ్లు బిగించి ఎత్తింది. బండి లేచి నిలబడింది.

సమ్మక్క పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేసింది.

"గిదే తీస్కుందాం. గా దినం మీ బాపు మీద పడ్డ బండి నేనెంత గుంజినా లేవలే."