బండ దగ్గర అరగంట

కంది పూత మీద ఉండగా మొగులప్ప పటేల్ బావి మీది సోలార్ మోటరు ఆగిపోయింది. ఫోన్ చేస్తే నారాయణఖేడ్ నుంచి మెకానిక్ స్కూటీ మీద వచ్చింది. పేరు దీవెన.

పటేల్ ఆమెను గుర్తుపట్టాడు. తమ ఊరి చివరి వాడ పిల్లే. "మొగోళ్లెవరు దొరకలేదా?" అన్నాడు.

"దొరుకుతరు పటేలా. ట్రెయినింగ్ పరీక్షల ఫెయిలైనోళ్లు చానమంది ఉన్నరు. పంపాల్నా?"

పటేల్ మోటరు పెట్టె మీద చెయ్యి వేశాడు. దాని మీద అంటించిన కాగితాన్ని దీవెన పైకి చదివింది. "శిక్షణ పొందినవారు తప్ప ఎవరూ ముట్టరాదు."

చదివి, బావికి దూరంగా ఉన్న బండ వైపు చెయ్యి చూపించింది. "గా బండ కాడ నిలవడు. నేను పిలిచేదాక రాకు."

పటేల్ ఎండలో బండ దగ్గర నిలబడ్డాడు. ఆమె పెట్టె తెరిచి లోపలికి చూసింది.

"ఏమైంది?" అని అక్కడి నుంచే అరిచాడు.

"చల్లారాలె," అని చెప్పి, సోలార్ పలకల నీడన కూర్చుని సద్ది విప్పింది. తీరిగ్గా జొన్నరొట్టె తిన్నది. చేతులు కడుక్కుని లేచి, పెట్టెలో వేలు పెట్టింది. నీళ్లు దూకాయి.

పటేల్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం ఖరాబైంది బిడ్డా?"

"ఏం కాలే. లోపల స్విచ్ బంద్ వడ్డది, గంతే."

"మరి గింతసేపు నన్నెందుకు ఎండల నిలవెట్టినవ్?"

దీవెన స్కూటీ ఎక్కింది.

"మా నాయనమ్మ గీ బాయిని ముట్టొద్దంటిరి గద. మీ ఇంటోళ్లొచ్చి కడవల నీళ్లు పోసేదాక గా బండ కాడ్నే గంట నిలవడేదట. నువ్వు ముసలోనివని అరగంటకే పిలిచిన."