ఒకే ముఖం, రెండు ఓట్లు

ముసలమ్మ హారిక అట్టు తిరగేస్తుండగా వంటింటి గోడలోని స్పీకరు పలికింది: "ఈ ముఖంతో రెండు ఓట్లున్నాయి. హాసిని పేరు తీసేయబోతున్నాం."

హాసిని ఆమె కవల చెల్లెలు. పక్క వీధిలోనే ఉంటుంది. అమ్మ పోయినప్పుడు లేచిన గొడవతో ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. వీధుల్లో ముఖాలు చూసి ఓటర్ల జాబితాను ఏ రోజుకారోజు సరిచేసే యంత్రానికి ఆ ఇద్దరూ ఒక్కరిలాగే కనబడ్డారు.

కాసేపటికి ప్రవల్లిక అనే అధికారిణి వచ్చింది. కొత్త చట్టం ప్రకారం, మనిషి వచ్చి కళ్లారా చూడందే యంత్రం ఎవరి పేరూ తీయకూడదు.

"ఇద్దరూ ఒకేసారి నాకు కనబడాలమ్మా. ఆవిడేమో అక్క గడప తొక్కనంటున్నారు. పేరు పోతే పోనీ అంటున్నారు."

"పోనీ అందా? దానికి మొదట్నుంచీ పొగరే!"

హారిక పొయ్యి కట్టేసింది. తన పేరు భద్రంగానే ఉంది. ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. కానీ చెల్లెలు లేదని రాసేసుకుంటారన్న మాట గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. గబగబా పక్క వీధికి నడిచింది. వెనకే ప్రవల్లిక.

"ఒసే హాసినీ, తలుపు తియ్యవే! నువ్వసలు లేవంటున్నారు!"

తలుపు తెరుచుకుంది. అదే ముక్కు, అదే నెరిసిన జుట్టు. ప్రవల్లిక ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వేసింది. "ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు," అని చేతి గడియారానికి చెప్పింది. "ఇక మీ పేరుకి ఢోకా లేదండీ."

హారిక హమ్మయ్య అనుకుంటూ మెట్టు మీదే కూలబడింది.

"అక్కడ కూర్చున్నావేంటక్కా?" అంది హాసిని, చెయ్యి అందిస్తూ. "లోపలికి రా."