సిమ్మన్నకు అందిన కబురు

ఆ కాలంలో పిల్లలు చరిత్రను చదవడమే కాదు, దానితో మాట్లాడేవారు కూడా. రెండో ప్రపంచ యుద్ధం మీద వ్యాసం రాయమని బడిలో ఒక్కో పిల్లకూ ఒక్కో సిపాయి గొంతు ఇచ్చారు; హిమజకు సిమ్మన్నది వచ్చింది. జపాను వాళ్ళతో పోరాడటానికి బర్మా వెళ్ళిన ఆ సిపాయి ఇంటికి పంపిన కబుర్లతో యంత్రం తయారుచేసిన గొంతు అది. ఆఖరి కబురు తర్వాత ఏం జరిగిందో దానికి తెలియదు. పిల్లలు దానికి చెప్పకూడదు కూడా. చెబితే గొంతు మారిపోయి వ్యాసం చెడుతుందని టీచరు ముందే హెచ్చరించింది.

రోజూ వంటింట్లో తల్లి పక్కన చిక్కుళ్ళు ఒలుస్తూ, హిమజ అతన్ని వానల గురించీ జలగల గురించీ అడిగేది. "తాతా" అని పిలిస్తే మాత్రం అతను ఒప్పుకోలేదు.

"నాకు ఇరవై రెండేళ్ళే. అన్నా అను."

వ్యాసం ముగిసే రోజున అతనే అడిగాడు. "ఒక్క మాట సెప్పమ్మా. యుద్ధం అయిపోనాదేటి?"

హిమజ తల్లి వైపు చూసింది.

"మార్కులు నీవి, నీ ఇష్టం," అంది తల్లి.

"ఎప్పుడో అయిపోయిందన్నా. మా క్లాసులో నా పక్కన కూర్చునే యూకో జపాను పిల్లే. అమ్మ చేసే గోంగూర పచ్చడంటే దానికి ప్రాణం."

 గొంతు పగలబడి నవ్వింది.

"అయితే తుపాకీ తుడవక్కర్నేదు," అన్నాడు సిమ్మన్న. జలగల మాట వదిలేసి, తమ ఊరి పండగలో తప్పెటగుళ్ళ వాళ్ళు ఎలా గెంతేవారో చెప్పడం మొదలుపెట్టాడు. హిమజ నవ్వుతూ అదంతా రాసుకుంది.

మర్నాడు టీచరు మార్కులు సగం కోసేసింది. సాయంత్రానికల్లా క్లాసులో ప్రతి పిల్లా తన సిపాయికి ఆ కబురు చెప్పేసింది.