ఎత్తుకు తగ్గ సైకిలు

“ఎద్దుకు సైకిలేంట్రా? ఎద్దుకు బండి కడతారు గానీ,” అన్నాడు సైకిళ్ళు బాగుచేసే పాన్, గాలి కొట్టే యంత్రం మోతలోంచి.

“ఎద్దుకు కాదన్నా, ఎత్తుకు. నా ఎత్తుకు తగ్గ సైకిలు.”

పాన్ తల పైకెత్తాడు. ఇంకాస్త పైకెత్తాడు. “అలాగైతే ఎద్దుకే సులువు,” అన్నాడు.

చట్రంలో ఇమడని మనిషంటే తిరుగుబాటుదారు అనుకుంటాం. యోంగ్ పాపం సాధువు. ఏ సైకిలు చట్రంలోనూ ఇమడడు, అంతే. వాళ్ళ భాషలో యోంగ్ అంటేనే పొడుగోడని. అసలు పేరు వాళ్ళమ్మ కూడా మరిచిపోయింది. చియాంగ్ మాయ్‌లో ఏ దుకాణానికి వెళ్ళినా, అన్నిటికంటే పెద్దదంటూ వాళ్ళు చూపించే సైకిలు అతని మోకాళ్ళను చెవులకు పరిచయం చేసేది. సీటు పెంచితే పరువు తగ్గేది. కొండ మీంచి మట్టిదారిలో యాత్రికులను సైకిళ్ళ మీద దింపుకు రావడం అతని పని. పోయిన వారం అందరూ చూస్తుండగానే హ్యాండిల్ మీంచి ఎగిరి, సైకిలు కంటే ముందు కిందికి చేరాడు. “శనివారానికి నీ కొలతకు సరిపడేది తెచ్చుకో. లేదా కొండ మరిచిపో,” అన్నాడు యజమాని. కొండ దిగడం తప్ప యోంగ్‌కు ఇంకో విద్య రాదు.

“ఊరంతా తిరిగే బదులు ముందే నా దగ్గరికి రావద్దూ? ఇంత ఎత్తున్నావు, ఒక్క ఎత్తూ తెలీదు నీకు,” అని పాన్ యంత్రం ఆపాడు. “ఒకటుంది. కొండ సగంలో బువాఖియావ్ అవ్వ ఇంట్లో. పొడుగోడెవడైనా వస్తే పంపమని తనే వచ్చి చెప్పింది. కొడుకుది.”

“మరి కొడుకు?”

“ఇంక తొక్కడు.” పాన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “ఆ సంగతి కదపకు. ఏడుస్తుంది.”

మిట్టమధ్యాహ్నం. అవ్వ ఇంటి తలుపూ కిటికీలూ అన్నీ మూసి ఉన్నాయి. గడప దగ్గర పడవలంత చెప్పులు, పొద్దుటి వానకు తడిసినవి. తీసెయ్యడానికి తల్లికి మనసొప్పి ఉండదనుకున్నాడు యోంగ్.

పెరట్లోంచి వచ్చిన అవ్వ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె కళ్ళు మెరిశాయి. రొంటిన దోపుకున్న తెల్లదారం తీసి మడమ దగ్గర ఒక కొస తొక్కిపట్టమంది. బల్ల ఎక్కి రెండో కొస లాగింది. దానికి ముందే వేసి ఉన్న ముడి సరిగ్గా అతని నడినెత్తిన వచ్చి ఆగింది.

“సైకిలుకు కాళ్ళు కొలుస్తారవ్వా, తల కాదు.”

“నాకు మొత్తం కావాలి నాయనా. ఇది నిలువుదారం. గుళ్ళో నూనెలో ముంచి వెలిగిస్తాను, ఆయుష్షుకి.”

“ఎవరి ఆయుష్షుకి?”

“ఇంకెవరికి, నా బిడ్డకే,” అంటూ అతని చెంప నిమిరింది. తననే బిడ్డ అందనుకుని యోంగ్ కరిగిపోయాడు.

గోడకి ఆనించి ఉన్న సైకిలెక్కి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మోకాళ్ళు మోకాళ్ళ చోటే ఉన్నాయి. పిడి రబ్బరు మీద ఎవరివో వేళ్ళ గుంటలు పడి ఉన్నాయి. అతని వేళ్ళు పోయి వాటిలో పడుకున్నాయి.

“దిగువన దయ్యాలకు కట్టిన గూడుంది చూడు, ఆ మలుపు రెండుసార్లు పడేసింది వాణ్ణి,” అంది అవ్వ. “మూడోసారి...” కండువాతో కళ్ళొత్తుకుంది.

యోంగ్ చూపు తిప్పుకున్నాడు. పెరట్లో అరటిదొప్పల పళ్ళెం కనబడింది. జెండాలు, అన్నం ముద్దలు, పువ్వులు. ఎవరికైనా గ్రహం వంకరైతే వాడి పేరు పెట్టి మట్టిబొమ్మ చేసి, ఆ పళ్ళెంలో కూర్చోబెట్టి, వాడి బదులు దయ్యాలకు పంపేస్తారు. ఇందులో బొమ్మ లేదు.

“బొమ్మేదవ్వా?”

“మట్టిది ఆనలేదు నాయనా. రెండుసార్లు పెట్టాం.”

“మా అమ్మ నాకు చేసిందీ అంతే. పొడుగు బొమ్మ కదా, మెడ దగ్గర విరిగింది,” అని నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

“సైకిలుకి ఎంతిమ్మంటావవ్వా?”

“డబ్బు తీసుకుంటే నీదైపోతుంది. వద్దు. వాడిదిగానే తొక్కు. ఇదిగో, వాడి చొక్కా.”

తొడుక్కున్నాడు. చేతులు మణికట్టు దాకా వచ్చాయి. ఆ మణికట్టుకే అవ్వ ఓ దారప్పోగు కట్టింది.

“ఒక్కసారి వాడి పేరు పెట్టి పిలుస్తాను. పలుకుతావా?”

కన్నకడుపు, కాదనలేకపోయాడు.

“సింగ్‌ఖామ్!”

“ఇక్కడే ఉన్నానమ్మా,” అన్నాడు యోంగ్.

మూసిన తలుపు వెనక చెక్కనేల కిర్రుమంది. యోంగ్ అటు తిరిగాడు.

“పాత ఇల్లు,” అంది అవ్వ. “ఇంక బయల్దేరు. ఆ మలుపు మీదుగానే దిగు. వెనక్కి చూడకు. ఎవరు పిలిచినా పలక్కు.”

సైకిలు నీళ్ళలా జారింది. శనివారం యజమాని మొహం ఎలా ఉంటుందో తలుచుకుని యోంగ్ లోలోపల ఈల వేసుకున్నాడు. ఎదర, దిగుడులో, గూడున్న మలుపు కనబడుతోంది. వెనక అవ్వ ఆ పళ్ళేన్ని దారి మధ్యలో పెడుతున్న చప్పుడు. తరవాత తలుపు తీసిన చప్పుడు.

“సింగ్‌ఖామ్, ఇంక బయటికి రా నాయనా.”

చచ్చిపోయిన కొడుకును పిలుస్తోందనుకుని యోంగ్ గుండె కలుక్కుమంది. చెప్పిన మాట మరిచి వెనక్కి చూశాడు.

“నా బదులు వెళ్ళాడా అమ్మా?” అంటూ గుమ్మానికి తల వంచి బయటికొచ్చాడు సింగ్‌ఖామ్.